మూడు మీటర్ల మంచు, 60 మెగావాట్ల కాడి: ‘ఆర్కిటికా’ ఐస్‌బ్రేకర్ మీద ఒక సమీక్ష

బండలాగుడు పోటీకి వచ్చిన ఒంగోలు గిత్తల జతను ఎవరూ పరుగు చూసి మెచ్చుకోరు. బండ ఇంకా కదలని క్షణంలో కాడి కింద మెడ ఎట్లా వంచాయి, కాలిగిట్టలు నేలలో ఎంత దిగాయి, మొదటి అడుగు ఎంతసేపట్లో పడింది అన్నదే అక్కడ చూపు. మంచును విరిచి వెనక ఓడలకు దారి చేసే ఐస్‌బ్రేకర్ ఓడను కూడా అట్లాగే చూడాలి. ఈ మాట ముందే ఎందుకంటే, రష్యా ప్రాజెక్ట్ 22220 అణు ఐస్‌బ్రేకర్ల గురించి, అంటే ‘ఆర్కిటికా’, దాని తోబుట్టువుల గురించి, మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది అంతా రెండు అంకెలే: 22 నాట్ల వేగం (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు), మూడు మీటర్ల మంచు. ఆ రెండూ ఒకేసారి జరిగేవి కావు. 22 నాట్లు మంచు లేని నీళ్లలో. మూడు మీటర్ల దగ్గర వేగం ఒకటిన్నర, రెండు నాట్లు. పొలం గట్టు మీద తాపీగా నడిచే మనిషి దాన్ని దాటిపోతాడు.

ఇంకో షరతు కూడా ఉంది. ఆ మూడు మీటర్లు అనేది చాపలా సమంగా పరుచుకున్న మంచుకు చెప్పిన లెక్క. అసలు ఆర్కిటిక్‌లో గాలి తోసినప్పుడు మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టలు పడతాయి. పైకి రెండు మీటర్లు కనబడితే నీటి కింద దానికి నాలుగు రెట్ల దాకా వేలాడుతూ ఉండొచ్చు. అలాంటి చోట ఎంత పెద్ద ఓడైనా ఆగి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి గుద్దాల్సిందే. కాబట్టి బ్రోచరు అంకెను గరిష్ఠంగా చదవాలి, రోజువారీ పనిగా కాదు.

తయారీ వివరాలు క్లుప్తంగా. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని బాల్టిక్ షిప్‌యార్డ్ కట్టింది. 2013 నవంబరులో పని మొదలు, 2016 జూన్‌లో నీళ్లలోకి, 2020 అక్టోబరు 21న ముర్మాన్స్క్‌లో సర్వీసులోకి. పొడవు 173.3 మీటర్లు, వెడల్పు 34, నిండు బరువు 33,530 టన్నులు. తర్వాత సిబీర్, ఉరాల్, యాకూతియా వచ్చాయి, మరికొన్ని కట్టుబడిలో ఉన్నాయి. ధర సంగతి అడిగేవాళ్లకు: సిబీర్, ఉరాల్ రెండింటికీ కలిపి 2014లో ఒప్పందం 8,440 కోట్ల రూబుళ్లకు జరిగింది.

ఈ డిజైన్‌లో మాకు అన్నిటికన్నా నచ్చింది రియాక్టరు కాదు, రెండు డ్రాఫ్టులు, అంటే ఓడ నీళ్లలో మునిగే లోతును రెండు రకాలుగా మార్చుకోగలగడం. పూర్వం రష్యావాళ్లు లోతైన సముద్రానికి ఒక రకం, యెనిసేయ్ నది ముఖంలోకి, ఓబ్ అఖాతంలోకి పోవడానికి తక్కువ లోతులో తేలే తైమీర్ రకం, రెండు వేరువేరు ఓడలు నడిపేవాళ్లు. ఇది బాలస్ట్ నీళ్లు నింపుకుంటే 10.5 మీటర్ల లోతుకు కూర్చుంటుంది, వదిలేస్తే దాదాపు 9 మీటర్లకు లేస్తుంది. అప్పుడు బరువు 25 వేల టన్నుల చిల్లరకు దిగుతుంది. బరువు తగ్గితే మంచును తొక్కే సత్తువ కూడా తగ్గుతుంది, అది మరిచిపోకూడదు. నదిలో మూడు మీటర్ల పని ఆశించకూడదు. అయినా సముద్రం నుంచి నదిలోకి ఓడల వరసను ఒకే ఐస్‌బ్రేకర్ తీసుకుపోగలగడం పెద్ద లాభం. మధ్యలో చేతులు మారే చోటే రోజుల కొద్దీ కాలం పోయేది.

ఇక అణియం, అంటే ఓడ ముందుకొస. కృష్ణపట్నానికి బొగ్గు తెచ్చే ఓడ ఖాళీ అయి పైకి తేలినప్పుడు ముందుభాగంలో నీటిమట్టం దగ్గర ఒక బుడిపె కనిపిస్తుంది. అలలను చీల్చి ఇంధనం మిగిల్చడానికి పెట్టిన బల్బు అది. ఐస్‌బ్రేకర్‌కు అది ఉండదు. అణియం కిందికి ఏటవాలుగా, గరిటె బొడ్డులా వెనక్కి వాలి ఉంటుంది. నీటిమట్టం దగ్గర ఆ వాలు 20, 25 డిగ్రీల ప్రాంతం. చాలామంది ఓడ మంచును కత్తిలా కోస్తుందనుకుంటారు. అట్లా కాదు. చేపల రేవులో ఐసు దిమ్మను చూడండి. రెండు వైపులా నొక్కి పగలగొట్టాలంటే ఎవరి తరమూ కాదు. రెండు కొసలా ఆనించి నడుమ మీద బరువు వేస్తే పుటుక్కున విరుగుతుంది. నొక్కుడును తట్టుకునేంతగా మంచు వంపును తట్టుకోదు. అందుకే ఓడ మంచు మీదికి ఎక్కి, తన బరువుతో దాన్ని కిందికి వంచి విరుస్తుంది.

విరగడంతో పని అయిపోదు. విరిగిన పలక తిరగబడి, నీళ్లలోకి మునిగి, ఓడ అడుగును రాసుకుంటూ పక్కకు పోవాలి. ఈ రాపిడికి పోయే శక్తి తక్కువేమీ కాదు. పైన పొడిమంచు పరుచుకుని ఉంటే మరీ ఘోరం, అది ఓడ ఒంటికి గరుకు కాగితంలా పట్టుకుంటుంది. మీటరున్నర మంచులో హాయిగా పోయిన ఓడ, అదే మందం మీద ఇంకో ముప్పై సెంటీమీటర్ల పొడిమంచు ఉంటే ఈడ్చుకుంటూ పోతుంది. దీనికి మూడు మందులున్నాయి. మొదటిది ఒంటికి గట్టి ఎపాక్సీ పూత, ఫిన్లాండ్ వాళ్ల ఇనెర్టా 160 లాంటిది. మామూలు ఓడ రంగు ఒక్క సీజనులో చెక్కుకుపోతుంది, తర్వాత తుప్పుపట్టిన గరుకు ఇనుము మంచును ఇంకా పట్టుకుంటుంది. రెండోది మంచు తగిలే పట్టీకి స్టెయిన్‌లెస్ ఉక్కు తొడుగు. ‘50 లెట్ పొబేదీ’ అనే రష్యా అణు ఐస్‌బ్రేకర్‌కు అదుంది, ఖర్చెక్కువ. మూడోది గాలిబుడగలు. మన రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాత ఆర్కిటికా తరగతి ఓడల్లో (ఇదే పేరుతో సోవియట్ కాలంలో మొదలైన వేరే అణు ఓడలు) నీటిమట్టానికి 9 మీటర్ల కింద రంధ్రాల గుండా సెకనుకు 24 ఘనపు మీటర్ల లెక్కన బుడగలు వదులుతారు. అవి పైకొస్తూ ఓడ ఒంటికీ మంచుకూ మధ్య నీళ్లను కదిలిస్తాయి, రాపిడి తగ్గుతుంది.

ఉక్కు గురించి ఒక్క మాట. పాత ఆర్కిటికా తరగతిలో మంచు తగిలే చోట బయటి పలక 48 మిల్లీమీటర్లు, మిగతాచోట 25. కానీ మందం ఒక్కటే చూసి మోసపోవద్దు. మామూలు ఉక్కు చలికి పెళుసెక్కి గాజులా పగులుతుంది. ఓడ ఉక్కులో ఇ గ్రేడును మైనస్ 40 డిగ్రీల దగ్గర, ఎఫ్ గ్రేడును మైనస్ 60 దగ్గర దెబ్బకొట్టి పరీక్షిస్తారు. సెకండ్‌హ్యాండ్‌లో ‘ఐస్‌క్లాస్’ అని చెప్పి అమ్మే ఓడల విషయంలో అడగాల్సిన మొదటి కాగితం ఈ గ్రేడు సర్టిఫికెట్టే. పలక వెనకాల ఫ్రేముల ఎడం రెండోది. ఫ్రేములు దూరంగా ఉంటే ఎంత మందం పలకైనా వాటి మధ్య సొట్ట పడుతుంది.

లాగుడుకు వద్దాం. రెండు ఆర్‌ఐటీఎం-200 రియాక్టర్లు, ఒక్కోటి 175 మెగావాట్ల వేడి. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో రెండు 36 మెగావాట్ల టర్బో జనరేటర్లు, ఆ కరెంటుతో మూడు ప్రొపెల్లర్లకు మూడు 20 మెగావాట్ల మోటార్లు. టర్బైనును నేరుగా షాఫ్టుకు కట్టకుండా ఇన్ని మెలికలు ఎందుకు? మంచు దిమ్మ రెక్కకు తగిలి ప్రొపెల్లరు దాదాపు ఆగిపోయే క్షణంలో కూడా కరెంటు మోటారు పూర్తి తిప్పుడు బలం ఇస్తుంది. నేరుగా కట్టిన డీజిల్ ఇంజినైతే ఆ దెబ్బకు గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతుంది. బండ కదలని క్షణం అని మొదట చెప్పింది ఇదే.

అయితే ఈ ఓడ బలహీనత కూడా ఇక్కడే బయటపడింది. 2020 ఫిబ్రవరిలో, ట్రయల్స్ సాగుతుండగా, కుడివైపు మోటారు వైండింగులో షార్ట్ సర్క్యూట్ అయింది. ఆ మోటారు బరువు 300 టన్నుల ప్రాంతం. దాన్ని బయటికి తీయాలంటే ఓడను కోయాలి. చేసేదిలేక తగ్గించిన శక్తితోనే సర్వీసులోకి దించి, 2021లో డ్రైడాకులో పెట్టి మార్చారు. ఉత్తర ధ్రువం మీదుగా పోయిన మొదటి ప్రయాణంలో మంచు పరీక్ష కూడా కుదరలేదు. 2020 అక్టోబరులో అక్కడ దొరికిన మంచు మీటరు చిల్లరే, అదీ వదులుది. కొనేముందు బండి నడిపి చూద్దామంటే రోడ్డు లేకపోయినట్టయింది.

అమెరికా ఐస్‌బ్రేకర్ ‘హీలీ’కి కూడా అదే ఏడాది ఆగస్టులో మోటారు కాలింది. కాకపోతే వాళ్లు ఓడ కట్టిన రోజుల్లోనే కొనిపెట్టిన స్పేరు మోటారు బాల్టిమోర్‌లో ఉంది. దాన్ని పనామా కాలువ మీదుగా కాలిఫోర్నియాకు తెప్పించి ఎక్కించారు. ఇరవయ్యేళ్లు గోడౌనులో పడి ఉన్న వస్తువు ఒక్క ఏడాదిలో డబ్బు తీర్చుకుంది. ఐస్‌బ్రేకర్ కొటేషనులో స్పేరు మోటారు, స్పేరు ప్రొపెల్లరు రెక్కలు లేకపోతే ఆ కొటేషను పక్కన పెట్టేయొచ్చు. రెక్కలు ఒకే పోతగా కాకుండా బోల్టులతో విడిగా బిగించినవై ఉండాలి. ఒక రెక్క విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, ఓడను సొంత ఊరికి ఈడ్చుకుపోయే పని తప్పుతుంది.

ఎవరూ పెద్దగా మాట్లాడని భాగం సీ చెస్టు. అంటే ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే పెట్టె. రొయ్యల చెరువు మోటారుకు ఫుట్‌వాల్వులో నాచు చుట్టుకుంటే ఏమవుతుందో, మంచు తురుము దీనికి అదే చేస్తుంది. జాలీ మూసుకుపోతుంది, నీళ్లు ఆగిపోతాయి, జనరేటరు వేడెక్కి ట్రిప్పవుతుంది. బయట మైనస్ 30 డిగ్రీలుండగా లోపల ఇంజిన్ వేడికి ఆగిపోవడం వినడానికి వింతే, కానీ మంచులో కొత్తగా దిగిన ఓడలకు తరచుగా వచ్చే జబ్బు ఇదే. ఫిన్నిష్-స్వీడిష్ నియమాలు దీనికి లెక్క చెబుతాయి. సహాయక ఇంజిన్లతో కలిపి ప్రతి 750 కిలోవాట్లకు పెట్టెలో ఒక ఘనపు మీటరు చోటు. అంటే 15 మెగావాట్ల ఓడకు 20 ఘనపు మీటర్లు. లోపలికి పోయే పైపు నోటి వైశాల్యానికి నాలుగు రెట్లు జాలీ రంధ్రాలుండాలి. పెట్టె ఎత్తుగా ఉండాలి, తురుము పైకి తేలి చేరడానికి. పైపు నోరు అడుగున ఉండాలి. పెట్టె ఓడ నడుమ గీతకు దగ్గరగా, వీలైతే వెనక్కి ఉండాలి. అన్నిటికీ మించి, ఇంజిన్ నుంచి వచ్చే వేడినీళ్లను తిరిగి ఆ పెట్టెలోకి మళ్లించే వాల్వు ఉండాలి. ఆ వాల్వు ఎక్కడుందో, ఏ చక్రం తిప్పాలో మంచులోకి పోకముందే వాచ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. అలారం మోగాక వెతికితే కుదరదు.

గుద్దే పద్ధతిలో కూడా తప్పులు ఇట్లాగే చిన్నచిన్న చోట్ల జరుగుతాయి. గుట్ట దగ్గర ఆగిపోయాక వెంటనే వెనక్కి లాగకూడదు. కాసేపు ప్రొపెల్లర్లను ముందుకే తిప్పుతూ ఉంటే ఆ నీటి తాకిడికి అమరం (ఓడ వెనక కొస) వెనక చేరిన మంచు ముక్కలు చెదిరిపోతాయి. తర్వాత చుక్కానిని సరిగ్గా నడుమకు తెచ్చి, అప్పుడే వెనక్కి. చుక్కాని పక్కకు తిరిగి ఉండగా వెనక్కి పోతే మంచు దాన్ని పట్టుకుని మెలితిప్పేస్తుంది. ఒకటి రెండు ఓడ పొడవులు వెనక్కి పోతే చాలు. అంతకంటే దూరం నుంచి వేగంగా వచ్చి గుద్దితే ఓడ మంచు మీదికి మరీ ఎక్కి కూర్చుంటుంది, దిగదు. అప్పుడు పక్క ట్యాంకుల మధ్య నీళ్లను అటూ ఇటూ పంపు చేసి ఓడను ఊపి విడిపించుకోవాలి. హీలింగ్ ట్యాంకులు ఉన్నది అందుకు.

వెనక వచ్చే ఓడలకు దారి చేయడమే ఆర్కిటికా అసలు కొలువు. ప్రమాదాలు కూడా అందులోనే ఎక్కువ. దూరంగా వస్తే చీల్చిన దారి గాలి ఒత్తిడికి మళ్లీ మూసుకుంటుంది. దగ్గరగా వస్తే ముందు ఓడ గుట్ట తగిలి ఠక్కున ఆగినప్పుడు వెనకది ఆగలేదు. 2009 మార్చిలో రష్యా ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో ‘యమల్’ అనే ఐస్‌బ్రేకర్‌కూ ‘ఇండిగా’ అనే ట్యాంకరుకూ ఢీ అయి ట్యాంకరు డెక్కు పగిలింది. 2025 జనవరిలో అదే సముద్రంలో ‘50 లెట్ పొబేదీ’కీ ‘యమల్ క్రెచెత్’ అనే సరకు ఓడకూ తగులుకుంది. నలభై యాభై ఏళ్ల అనుభవమున్న సంస్థలకే ఇది తప్పలేదు. ఒత్తిడి మరీ ఎక్కువైన చోట ఇంకో ఉపాయముంది: ఐస్‌బ్రేకర్ అమరంలో ఉన్న గంటులోకి వెనక ఓడ అణియాన్ని లాగి బిగించి, రెండూ ఒకే ఓడలా పోవడం. బల్బు అణియం ఉన్న ఓడలకు ఇది సరిపడదు.

మంచులో ఇచ్చిన మార్కులు బయటి సముద్రంలో ఇవ్వలేం. అడుగు గుండ్రం, పక్కన దొర్లుడు తగ్గించే రెక్కలు (బిల్జ్ కీల్స్) ఉండవు, ఉంటే మంచు పీకేస్తుంది. దాంతో తుపాను అలల్లో ఈ జాతి ఓడలన్నీ కుండలా దొర్లుతాయి. వాలు అణియం ప్రతి అలకూ చప్పట్లు కొడుతుంది. లాగుడుకు పదికి తొమ్మిదిన్నర ఇస్తే, సముద్రం మీద సుఖానికి నాలుగు కూడా ఎక్కువే. ఇంకోటి, పాత ఆర్కిటికా తరగతి అణు ఓడలు మన వైపు రాలేవు. వాటి చల్లబరిచే ఏర్పాటు చన్నీళ్లను నమ్ముకుని కట్టింది. ఉష్ణమండలం దాటి అంటార్కిటికాకు పోలేకపోవడానికి కారణం అదే. మన ఒడ్డున చేత్తో తాకితే గోరువెచ్చగా ఉండే నీళ్లు వాటికి జ్వరం.

పోటీ వస్తువుల్లో దీనికి నిజంగా సవాలు విసిరేది ఇంకో ఐస్‌బ్రేకర్ కాదు, ఐస్‌బ్రేకర్ అక్కర్లేని సరకు ఓడ. యమల్ ఎల్‌ఎన్‌జీ కోసం కొరియాలో కట్టిన ‘క్రిస్టోఫ్ దె మార్జెరీ’ రకం గ్యాసు ట్యాంకర్లకు మూడు 15 మెగావాట్ల అజిపాడ్‌లు (ఓడ కింద వేలాడుతూ ఎటైనా తిరిగే మోటారు, ప్రొపెల్లరు జత) ఉంటాయి. మామూలు నీళ్లలో అణియం ముందుకు పెట్టి పోతాయి. దట్టమైన మంచు వస్తే ఓడ తిరిగి అమరం ముందుకు పెట్టి పోతుంది, 2.1 మీటర్ల దాకా. ప్రొపెల్లరు నీటి తాకిడే ఓడ ఒంటిని కడుగుతూ రాపిడి తగ్గిస్తుంది. ఫిన్లాండ్ వాళ్ల ఈ ఆలోచన వల్ల అణియాన్ని సముద్రానికి, అమరాన్ని మంచుకు విడివిడిగా మలుచుకునే వీలొచ్చింది. చైనా ‘షూలాంగ్ 2’ కూడా ఇదే తోవ, 1.5 మీటర్ల మంచును ముందుకూ వెనక్కీ విరుస్తుంది. ఫ్రెంచి విహార ఓడ ‘ల కమాండంట్ షార్కో’ రెండు 17 మెగావాట్ల పాడ్‌లతో, ఎల్‌ఎన్‌జీతో, పోలార్ క్లాస్ 2తో (మంచును తట్టుకునే గట్టితనం శ్రేణిలో పైనుంచి రెండోది) వస్తుంది. డబ్బుంటే ప్రయాణికుడిగా ఎక్కడానికి మంచిదే, పనిముట్టుగా పోల్చలేం.

ఆస్ట్రేలియా ఐస్‌బ్రేకర్ ‘నుయినా’ ఉదంతం మాత్రం కొనేవాళ్లందరూ చదవాలి. 160 మీటర్ల ఓడ, మూడు నాట్ల దగ్గర 1.65 మీటర్ల మంచు, కాగితం మీద వంక పెట్టలేం. తీరా చూస్తే సొంత ఊరు హోబార్ట్‌లో టాస్మన్ వంతెన కిందుగా ఇంధనం పోసుకునే చోటికి పోవడానికి అనుమతి రాలేదు. ఇంధనం కోసం బర్నీ దాకా పోవాల్సి వచ్చింది. ఓడ కొనేముందు రేవు కొలుచుకోవాలి.

మరి మనకేది? ఇండియాకు మూడు మీటర్ల దారి చీల్చే అవసరం లేదు. అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి స్థావరాలకు వేసవిలో సరకు, మనుషులు, హెలికాప్టర్లు చేర్చాలి. ఇప్పటిదాకా ఆ పని ‘వసీలీ గొలోవ్నిన్’ లాంటి అద్దె ఓడలతో జరుగుతోంది. కోల్‌కతాలోని ఓడల తయారీ సంస్థ జీఆర్‌ఎస్‌ఈ మన మొదటి ధ్రువ పరిశోధన ఓడ కోసం 2025 జూన్‌లో నార్వే కాంగ్స్‌బర్గ్ సంస్థతో అవగాహన ఒప్పందం చేసుకుంది. దానికి ఆర్కిటికాను నమూనాగా చూపించేవాళ్ల మాట వినకూడదు. మీటరున్నర మంచు, డీజిల్-ఎలక్ట్రిక్, రెండు పాడ్‌లు, స్పేరు మోటారు, పెద్ద సీ చెస్టు, ఇవి చాలు. ఇంకోటి, ఆ ఓడ గోవా నుంచి వేడి సముద్రం దాటి పోవాలి. కాబట్టి 32 డిగ్రీల నీళ్లలో కూడా నిండు శక్తితో నడిచే కూలర్లు స్పెసిఫికేషనులో రాయించాలి. యూరపు డిజైన్లలో ఇది తక్కువగా ఉండిపోయే అవకాశం ఉంది.

కావలి, అల్లూరు, కొత్తపట్నం వైపు నుంచి మర్చంట్ నేవీకి పోయే పిల్లలకు ఒక సంగతి. ధ్రువ జలాల్లో పనిచేయడానికి కావాల్సిన పోలార్ వాటర్స్ సర్టిఫికెట్లు 2018 జులై 1 నుంచి ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణ మీద అంతర్జాతీయ ఒప్పందం) కింద తప్పనిసరి అయ్యాయి, అవి మాస్టర్లకూ డెక్ ఆఫీసర్లకూ. ఇంజిన్ వాళ్లకు ఆ నియమం లేదు, వాళ్ల దగ్గర ఎవరైనా తప్పనిసరి అని ఫీజు అడిగితే నమ్మొద్దు. బేసిక్ కోర్సు తరగతి గదిలో అయిపోతుంది. అడ్వాన్స్‌డ్‌కు మాత్రం గత ఐదేళ్లలో ధ్రువ జలాల్లోనో, దానికి సమానమని ఒప్పుకున్న చోటో రెండు నెలల సర్వీసు చూపించాలి. కోర్సు అమ్మేవాళ్లు ఈ రెండు నెలల మాట చివర్లో చెబుతారు. ఆ రెండు నెలలు ఏ ఓడ మీద ఇప్పిస్తారో ముందు కాగితం మీద రాయించుకుని, తర్వాత డబ్బు కట్టండి.